చెరిపేసిన మాట

వలుసింబి వేళ్ళ కింద చుక్కలు లేచాయి. 'ద్రోహీ' అన్నాయి. వెంటనే ఒక్కొక్కటే పడిపోయి, వాటి చోట మళ్ళీ లేచాయి. ఈసారి 'వలుసింబీ' అని ఉంది.

"గోదాము పెట్టెలో ఏమీ లేదని చెప్పింది నువ్వే. మర్నాడు ఆ పెట్టే పేలి మనవాళ్ళు ఇద్దరు పోయారు. బూడిద కొంగ ముఠా దగ్గర ఎంత తిన్నావు?"

అడుగుతున్నది కర్నల్ ర్వకైకార. అడగడమంటే నోటితో కాదు. ఏజెంట్ వలుసింబికి పుట్టు చెవుడు. ఇరవై రెండో ఏట చూపు కూడా పోయింది. కర్నల్ తన ఫోన్‌లో టైపు చేస్తుంటే వలుసింబి ఒళ్ళో ఉన్న చిన్న పెట్టె మీద బ్రెయిలీ చుక్కలు అక్షరం వెంట అక్షరంగా లేస్తున్నాయి. వలుసింబి పెట్టె మీది మీటలు నొక్కితే అతని జవాబు కర్నల్ ఫోన్‌లో పడుతుంది. ఆ మిషన్ కంపాలా ఆఫీసుకి వచ్చి మూడు రోజులే అయింది. ఇద్దరూ మధ్యలో మనిషి లేకుండా మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి.

సీలు చెదరకుండా పార్సెల్ విప్పి, లోపల ఏముందో వేళ్ళతో చెప్పగల ఏజెంటు ఆ ఆఫీసులో వలుసింబి ఒక్కడే.

"ఏమీ లేదని నేను చెప్పలేదు సర్. లోపల ఇనప గొట్టం ఉంది, గ్రీజు వాసన కొడుతోంది, తెరవొద్దు అన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు."

"ఎవరితో చెప్పావు?"

వలుసింబి 'నగ్గాయితో' అని కొట్టాడు. ఇంకెవరితో చెబుతాడు? పదకొండేళ్ళుగా అతని నోరూ, చెవులూ, కళ్ళూ ఇంటర్‌ప్రెటర్ నగ్గాయే. అతను సైగ చేస్తే ఆమె చూసి పైకి చెప్పేది. జనం మాటలు అతని అరచేతుల్లో పోసేది. గదిలో ఎవరు నవ్వారో, ఎవరు ఆవులించారో అతని వీపు మీద వేలితో గీసి చెప్పేది. రిపోర్టులు కూడా ఆమే రాసేది. పక్కనుంచి లేవాలంటే మణికట్టు మీద రెండుసార్లు తట్టి, వెళ్తున్నానని చెప్పి మరీ లేచేది. చెప్పకుండా లేచిపోయి, చూపులేని మనిషిని ఖాళీ కుర్చీతో మాట్లాడించడం అలాంటివాళ్ళలో ఎంత పెద్ద అవమానమో ఆమెకు తెలుసు. అంత మర్యాద తెలిసిన మనిషి తడిగుడ్డతో గొంతు కోసింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే కదా!

అతనికి ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

తర్వాత చుక్కలు గబగబా లేచాయి.

"గాబా రేవు నుంచి నాలుగింటికి శాంతి చర్చల బృందం పడవెక్కుతోంది. ముప్ఫై ఎనిమిది మంది. పడవలో బాంబుందని కబురు. రెండుసార్లు వెతికించాను, కుక్కలతో కూడా. దొరకలేదు. పడవ ఆపేస్తే చర్చలు కూడా అక్కడితో ఆగిపోతాయి. ముఠాకి కావాల్సింది కూడా అదే. మూడూ యాభై అయిదు దాకా నీకు టైం. అప్పటికీ దొరక్కపోతే పడవ ఆపి, నీకు బేడీలు వేస్తా. నీ మాట నిజమని నాకేం రుజువు?"

"ఆమెతో నేను మాట్లాడతాను సర్. అయితే చేతుల్తో కాదు. ఆమె చేతుల్లో అబద్ధం పదకొండేళ్ళుగా నాకు దొరకలేదు. ఈ పెట్టె ఆమెకు కొత్త. కాలిందని చెప్తాను, నా కుడిచేతికి కట్టు కట్టించండి."

* * *

గాబా రేవులో చేపల హోటలు. నగ్గాయిని భోజనానికి అక్కడికే రమ్మన్నారు. వెయిటర్ వేషంలో ఉన్నది ఆఫీసు మనిషే. వలుసింబి వీపు మీద వేలితో గీశాడు: ఎర్ర గౌను, ఒంటరిగా వస్తోంది, రేవంతా అటే చూస్తోంది.

సెంటు వాసన ముందొచ్చింది. తర్వాత భుజం మీద చెయ్యి పడింది. ఆ చెయ్యి జారి అతని అరచేతి కోసం వెతికి కట్టు దగ్గర ఆగింది. వలుసింబి ఎడంచేత్తో పెట్టె తన ముందుకు జరుపుకుని, ఫోన్ ఆమె వైపు నెట్టాడు.

చుక్కలు తడబడుతూ లేచాయి.

"టీ ఒలకబోసుకున్నావా పెద్దమనిషీ? ఒక్క పూట నేను లేకపోతే నీకు నీ మూతి కూడా దొరకదు! ఏంటీ డబ్బా?"

"ఆఫీసు వాళ్ళిచ్చారు. చెయ్యి మానేదాకా ఇదే గతి. నువ్వేం తింటావు?"

"తిలాపియా చేప. నువ్వు?"

"నాకు టైం లేదు. కర్నల్ పడవంతా నన్ను తడిమి చూడమన్నాడు. దొరికినా దొరక్కపోయినా నేనూ అదే పడవలో వెళ్తున్నా. ఎక్కడ మొదలెట్టమంటావు?"

బల్ల సన్నగా అదిరింది. ఆమె మోకాలు ఊపుతోంది. తర్వాత వేళ్ళ కింద చుక్కలు ఒక్కసారిగా లేచాయి.

'పడవ ఎక్కకు. వంటగది'

అక్కడితో ఆగిపోయాయి. ఒక్కొక్క అక్షరమే వెనక్కి పడిపోయింది. వేళ్ళ కింద నున్నగా ఏమీ మిగల్లేదు.

మళ్ళీ లేచాయి. "ఇంజను గదిలో మొదలెట్టు. జాగ్రత్త."

వలుసింబి మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. ఇప్పుడైనా చెబుతుందేమోనని ఇంకో అవకాశం ఇచ్చాడు.

"ఇంకేమైనా చెప్పాలా నగ్గాయి?"

"లేదు."

మణికట్టు మీద రెండుసార్లు తట్టి లేచింది. మర్యాదకేం లోటు చెయ్యలేదు, మహాతల్లి!

* * *

పడవ వంటగదిలో వేపుడు చేపల వాసన గుప్పుమంటోంది. పాపం, కుక్కల ముక్కులేం చేస్తాయి! వలుసింబి ఎడంచెయ్యి అరటాకుల బుట్టనీ, అరటికాయ ముద్ద మటోకే ఉన్న గంగాళాన్నీ దాటి గోడవారగా వెళ్ళింది. అక్కడ మూడు గ్యాస్ సిలిండర్లున్నాయి. మొదటిది చల్లగా, గీతలు పడి ఉంది. రెండోదీ అంతే. మూడోదాని రంగు వేలికి ఇంకా అంటుతోంది. కట్టు లాగి పారేసి రెండు అరచేతులూ దాని అడుగున ఆనించాడు. లోపల ఏదో సన్నగా, ఆగి ఆగి కొట్టుకుంటోంది.

నేలని కాలితో దబదబా తన్నాడు.

సిపాయిలు ఆ సిలిండర్ ఎత్తుకుని పరుగెత్తారు. వెనక వైపు పడవలేమీ లేని లోతు నీళ్ళలోకి దొర్లించి బోర్లా పడుకున్నారు. చెక్కలు అతని పాదాల కింద ఎగిరిపడ్డాయి. సరస్సు నీళ్ళు వానలా నెత్తిన పడ్డాయి, వాటితోపాటు ఒక చేప కూడా.

ఎవరో చేతికందించిన పెట్టె మీద చుక్కలు లేచాయి. "మూడూ యాభై నాలుగు. ముప్ఫై ఎనిమిది మందీ ఒడ్డునే ఉన్నారు. నిన్ను ఒక మాట అని చెరిపేశాను వలుసింబీ, అది—"

"చదివాను సర్."

* * *

నగ్గాయిని బస్సు స్టాండులో పట్టుకున్నారు. బేడీలతో ఎదురుగా కూర్చోబెట్టి ఫోన్ ఇచ్చారు.

"నీకెలా తెలిసింది?"

"నువ్వే చెప్పావు."

"నేను చెరిపేశాను!"

"నువ్వు చెరిపేలోపే చదివేశాను. ఈ పెట్టె మీద అక్షరం కొట్టగానే నా వేలికొస్తుంది."

'క్షమిం' అని లేచి పడిపోయాయి. 'వాళ్ళు నా' అని లేచి అవీ పడిపోయాయి. చివరికి, రోజూ మధ్యాహ్నం ఆమె అతని అరచేతిలో అడిగే మాటే లేచి నిలబడింది.

"అన్నం తిన్నావా?"

వలుసింబి గట్టిగా మీటలు కొట్టాడు.

"పదకొండేళ్ళు నా నోరు నీ చేతిలో పెట్టాను. నా నోటితో ఇద్దరిని చంపించావు. ఈరోజు ముప్ఫై ఎనిమిది మందిని బతికించావు కూడా, అదీ చెరిపేసిన మాటతో. తినలేదు నగ్గాయి. ఎలా తినమంటావు?"

పెట్టె మూసేశాడు. చెయ్యి చాపి, బేడీ పక్కన ఆమె మణికట్టు వెతికి పట్టుకుని రెండుసార్లు తట్టాడు. అప్పుడు లేచి వచ్చేశాడు.

బయట కర్నల్ పెట్టె తెరిపించి అడిగాడు. "కొత్త ఇంటర్‌ప్రెటర్ని వేస్తాను. ఎలాంటి మనిషి కావాలి?"

వలుసింబి మీటలు నొక్కాడు.

"టైపింగ్ సరిగ్గా రాని మనిషిని చూడండి సర్. మాటిమాటికీ కొట్టి చెరిపే బాపతయితే మరీ మంచిది."