ఎవరూ ఎక్కని బండి

గన్నవరం దాటాక వరిచేలు పూడ్చి వేసిన వెంచరు ఒకటుండేది. రెండువేల ఏడు నాటి మాట. తారురోడ్లు వేశారు, కరెంటు స్తంభాలు నిలబెట్టారు, ప్లాట్ల హద్దులకి తెల్లరాళ్ళు పాతారు. ఇళ్ళు మాత్రం ఒక్కటీ లేవలేదు. మనుషుల్లేని ఆ వీధులకి ఖయ్యూమ్ కాపలా.

కాపలా అతని పని కాదు. వయసంతా బస్సు తోలినవాడు. పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే బస్సు. పటమటలో ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, "ఖయ్యూమ్‌కి చెప్పండి, కడుపులో చల్ల కదలకుండా దింపుతాడు" అనేవారు.

కిందటేడు జనవరిలో పక్కింటి వెంకటరత్నమ్మగారి మనవడి పెళ్ళికి బస్సు అవనిగడ్డ తీసుకెళ్ళాడు. పక్కింటి పెళ్ళి కదా అని భార్య సైదాబీ కూడా బయల్దేరింది. తిరిగొచ్చేటప్పుడు డ్రైవరుకి ఎడమపక్కన, ఇంజను దగ్గరున్న చిన్న సీట్లో కూర్చుని, మొగుడికి నిద్ర రాకుండా కబుర్లు చెబుతూ వచ్చింది. వెనక పెళ్ళివాళ్ళంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నిద్రపోతున్నారు. వెంకటరత్నమ్మగారి మనవరాలు సింధూరి ఒక్కతే మేలుకుని, మాటిమాటికీ ముందుకొచ్చి, "తాతా, ఇల్లెప్పుడొస్తుంది?" అని అడుగుతోంది.

తెల్లవారుజాము. ఉయ్యూరు ఇంకా రాలేదు. చాచిన చెయ్యి కనిపించనంత పొగమంచు. అందులోంచి లైట్లు లేని చెరుకు ట్రాక్టరొకటి మీదికొచ్చింది. ఖయ్యూమ్ స్టీరింగ్ ఎడమకి కొట్టాడు.

ఎడమపక్క కాలవ.

కొందరు ఈదుకుని బయటపడ్డారు. చాలామంది బయటికి రాలేదు. సింధూరి రాలేదు. సైదాబీ రాలేదు.

తప్పు ట్రాక్టరుదేనని పోలీసులు తేల్చారు. వెంకటరత్నమ్మగారు తనే వచ్చి, "నీ తప్పేముంది నాయనా" అని తల నిమిరి వెళ్ళింది. ఆ ముసలావిడ ఆ మాట అనేబదులు చెంప పగలగొట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు ఖయ్యూమ్. ఆ తర్వాత ఎప్పుడు స్టీరింగ్ ముందు కూర్చున్నా చేతులు వణికిపోయేవి. అన్నం సయించేది కాదు. ప్రమాదం జరిగిన బందరు రోడ్డు మొహం చూడలేక, దానికి దూరంగా ఈ గన్నవరం వైపు కాపలా పని వెతుక్కున్నాడు.

సైదాబీ తమ్ముడు ఇష్తియాక్ కువైట్ నుంచి సెలవు మీద వచ్చి బావని చూసి బెదిరిపోయాడు. మళ్ళీ వచ్చినప్పుడు పెద్ద అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చాడు. లోపల రిమోటు కారు. మామూలు పిల్లల బొమ్మ కాదు. చంటిపిల్లంత ఉంది. రబ్బరు టైర్లు, నాలుగు చక్రాలకీ నిజం బండికున్నట్టు స్ప్రింగులు. రిమోటు పిస్తోలులా ఉంది, పక్కన బొటనవేలంత స్టీరింగు.

"ఈ వయసులో నాకు బొమ్మలేంట్రా?" అన్నాడు ఖయ్యూమ్.

"నువ్వు స్టీరింగ్ వదిలేసి బతకలేవు బావా. అక్క ఉంటే తనూ ఇదే అనేది." ఇష్తియాక్ రిమోటు బావ చేతిలో పెట్టాడు. "ఇందులో ఎవరూ ఎక్కరు. ఎవరికీ ఏమీ కాదు. తోలుకో."

మొదట్లో సిగ్గుపడ్డాడు. తర్వాత అలవాటు పడ్డాడు. తెల్లవారే వేళ వెంచరు రోడ్ల మీద దాన్ని తోలుతుంటే వేళ్ళ వణుకు తగ్గేది. ఇటుకలు వరసగా పేర్చి వాటి మధ్య సందుల్లోంచి మెలికలు తిప్పేవాడు. మలుపులో వేగం ఎంత తగ్గించాలో, చక్రం ఎప్పుడు విడవాలో చేతికి మళ్ళీ గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి బ్యాటరీ చార్జింగుకి పెట్టి, పాత పళ్ళకుంచెతో టైర్ల మట్టి తోముకుంటూ కూర్చునేవాడు. నాన్న మళ్ళీ అన్నం తింటున్నాడని కూతురు జుబియా చాటుగా కళ్ళు తుడుచుకునేది.

అలా ప్రమాదం జరిగి యేడు తిరిగింది. మళ్ళీ జనవరి, మళ్ళీ మంచు.

ఒకరోజు మలుపు దగ్గర కారు దానంతటదే ఆగింది. ఎంత నొక్కినా కదల్లేదు. చూస్తుండగానే వెనక స్ప్రింగులు కిందికి కుంగాయి. ఆ వెంటనే కదిలింది. ఇంకో మలుపులో మళ్ళీ ఆగింది. మళ్ళీ కుంగింది. దగ్గరికెళ్ళి ఎత్తి చూశాడు. ఎప్పట్లాగే తేలిగ్గా వచ్చింది. కింద పెట్టాడు... మళ్ళీ కుంగిపోయింది.

"బండి బరువెక్కుతోందమ్మా," అన్నాడు ఇంటికెళ్ళి.

"మట్టి పట్టుంటుంది నాన్నా. శుభ్రంగా తుడువు," అంది జుబియా.

తుడిచాడు. నూనె వేశాడు. కొత్త స్ప్రింగులు బిగించాడు. మర్నాడు అవీ కుంగాయి.

ఆ వారమంతా మంచు దట్టమవుతూనే ఉంది. చివరికి ఒక తెల్లవారుజామున వీధిదీపాలు కూడా అందులో మునిగిపోయాయి. హైవే మీద లారీల మోత ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుంది. కాపలా షెడ్డు ముందు నవారు మంచం మీద కూర్చుని, ఖయ్యూమ్ కారుని రోడ్డు మీద దించాడు. రోడ్డు ఓ పదడుగుల వరకే కనబడుతోంది.

అప్పుడు వాసన వచ్చింది.

వాడిన మల్లెపూలు. గంధం. తడిసిన పట్టుబట్టలు. వాటి కింద... కాలవ బురద.

కారు స్ప్రింగులు కుంగడం మొదలెట్టాయి. కొంచెం కొంచెంగా. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఎక్కుతున్నట్టు. బండి పొట్ట రోడ్డుకి ఆనేదాకా. అంతా అయిపోయిందనుకున్నాక, అన్నిటికంటే ఆఖర్న, ముందు ఎడమ చక్రం కుంగింది.

సైదాబీ కూర్చునే వైపు.

ఖయ్యూమ్ భయంతో లేచి పరిగెత్తబోయాడు. మంచులోంచి, మోకాలి ఎత్తు నుంచి, చిన్న గొంతు వినబడింది. నిద్ర చాలని గొంతు.

"తాతా... ఇల్లెప్పుడొస్తుంది?"

భయం ఎక్కడికి పోయిందో పోయింది. లోపలేదో తెగిపోయింది. యేడాదిగా వీళ్ళంతా బస్సులోనే ఉన్నారు. ఇల్లు రాలేదని కూర్చునే ఉన్నారు. తీసుకెళ్ళాల్సినవాడు రోడ్డు మార్చుకుని ఇక్కడ దాక్కున్నాడు.

"వచ్చేస్తుందమ్మా," అన్నాడు ఏడుస్తూ. "కూర్చో తల్లీ. పడతావు."

రిమోటు రెండు చేతులా పట్టుకున్నాడు. మెల్లగా నొక్కాడు. మోటారు మూలిగింది... కదిలింది. కారు వెనకే నడిచాడు. జీవితంలో ఏ బండినీ అంత నెమ్మదిగా తోలలేదు. గతుకు తప్పించాడు. మలుపులో ఎవరూ ఒరిగిపోకుండా తిప్పాడు. ఆపాడు.

"ఉయ్యూరు," అన్నాడు.

స్ప్రింగులు కొంచెం లేచాయి. మంచులోకి ఏదో బట్ట ఈడ్చుకుపోయిన చప్పుడు.

ఇంకో మలుపు. "కంకిపాడు... కంకిపాడు దిగేవాళ్ళు." ఇంకొంచెం లేచాయి. పెనమలూరు దగ్గర ఎవరో దగ్గారు. గాజులు గలగలమన్నాయి. వాసన పలచబడుతోంది.

వెంచరు చివరి రోడ్డు. ఆ తర్వాత చేలు.

"పటమట," అన్నాడు. "పటమట వచ్చింది. చిన్నపిల్లుంది, చూసి దించండి. మెట్టు తడిగా ఉంటుంది."

బండి ఒక్కసారిగా పైకి లేచింది. బుల్లి పాదాలు పరిగెత్తాయి. తర్వాత ఏమీ లేదు. మంచు, అంతే.

ఖయ్యూమ్ వంగి చూశాడు. మూడు స్ప్రింగులు నిటారుగా ఉన్నాయి. ముందు ఎడమది మాత్రం కుంగే ఉంది.

"నువ్వు దిగలేదేం సైదా?" అన్నాడు.

కారుని జాగ్రత్తగా వెనక్కి తోలుకొచ్చి మంచం పక్కన ఆపాడు. రిమోటు కట్టేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను లేకుండా ఏనాడు ఇంటికెళ్ళింది కనక, అనుకున్నాడు. మాట్లాడడం మొదలెట్టాడు. యేడాదిగా ఎవరితోనూ అనని మాటలన్నీ బయటికొచ్చాయి. జుబియా అచ్చం నీలాగే కూర వండుతోందని చెప్పాడు. నీ చీరలు ఎవరికీ ఇవ్వలేదని చెప్పాడు. నీళ్ళలో చెయ్యి చాచానని, కొంగు దొరికిందని, గట్టిగా లాగితే కొంగు చిరిగి వచ్చింది గానీ నువ్వు రాలేదని చెప్పాడు.

"ఇంక వెళ్ళకు," అన్నాడు. "నా దగ్గరే ఉండిపో. నేనే పిలుస్తున్నా. వచ్చెయ్."

జేబులో ఫోను మోగింది. జుబియా.

"నాన్నా..." గుసగుసగా ఉంది గొంతు. "ఎక్కడున్నావు?"

"వెంచరులోనే. ఏమైందమ్మా?"

"ఇందాక తలుపు చప్పుడైంది. నువ్వనుకుని తీశాను." ఊపిరి అందడం లేదు పిల్లకి. "అమ్మ, నాన్నా."

ఖయ్యూమ్ ఫోను చెవికి అదిమిపట్టుకున్నాడు.

"ఒళ్ళంతా తడి. చీరకి కొంగు లేదు. తిన్నగా వంటింట్లోకెళ్ళి స్టవ్ వెలిగించింది. పక్కింట్లో మామ్మగారు కూడా లేచారు. ఎవరికో తల తుడుస్తున్నారు... కబుర్లు చెబుతున్నారు... నాకు భయంగా ఉంది నాన్నా."

"అమ్మ... పటమటలో దిగిందా?"

"ఏంటి నాన్నా?"

ఖయ్యూమ్ మెల్లగా తల దించి కారుకేసి చూశాడు. ముందు ఎడమ చక్రం ఇంకా కుంగే ఉంది.

"నాన్నా, అమ్మ నీకేదో చెప్పమంటోంది." ఫోన్లో గిన్నె చప్పుడు. తర్వాత జుబియా గొంతు మరీ చిన్నదైంది. "ఆఖర్న ఎక్కినావిడ మన బస్సులో మనిషి కాదంట. ఆవిడతో మాట్లాడొద్దంట. ముఖ్యంగా... రమ్మని మాత్రం అనొద్దంట."

ఫోను చెవి దగ్గరే ఉండిపోయింది.

కారు స్ప్రింగు చప్పుడు లేకుండా పైకి లేచింది.

ఖయ్యూమ్ కూర్చున్న నవారు మంచం, అతని ఎడమపక్కన, కిర్రుమని కిందికి దిగింది.