మాల్యాద్రి ఇంటి వెనకగది

మద్రాసు సర్కారు రోజుల్లో కొమరోలులో మాల్యాద్రి ఇంటి వెనకగది పేరు చెబితే పట్టపగలే జడుసుకునేవాళ్లట. ఆ గదిలో పడుకున్న బాలింతలు ఇద్దరు తెల్లారి లేవలేదు. గాయం లేదు, పాముకాటు లేదు... నిద్రలోనే పోయారు. మొదట మాల్యాద్రి వదిన, తర్వాత అతని మొదటి పెళ్లాం. వదినే దెయ్యమై తోడికోడల్ని తీసుకుపోయిందని ఊరు తేల్చేసింది.

ఇద్దరూ పోయింది పుష్యమాసం చలిలో. ఎండాకాలంలో అదే గదిలో పురుడు పోసుకున్న ఆడపడుచులకి తలనొప్పైనా రాలేదు. దెయ్యానికి ఎండ పడదు కాబోలు! మంత్రసాని జ్ఞానమ్మ ఈ మాటే అంటే నోరు మూసుకోమన్నారు.

జ్ఞానమ్మ క్రైస్తవపాలెం మనిషి, మిషను ఆసుపత్రిలో పని నేర్చింది. మాల్యాద్రి రెండో పెళ్లాం వీరమ్మకి పురుడు పోసిందీ ఆమే. మళ్లీ పుష్యమాసమే! పదకొండోనాటి స్నానం దాకా ఆ చేతులు అందరికీ కావాలి. స్నానం కాగానే మైల చేతులైపోయాయి. గడప దాటొద్దు, అవసరమైతే పిలుస్తాం, పశువుల కొట్టంలో పడుకో అన్నారు. ఒళ్లు మండింది. కానీ వీరమ్మని వదిలి వెళ్లడానికి మనసొప్పలేదు.

ఆ రాత్రి కోసం మంత్రగాడు అంకయ్య కట్టుదిట్టాలు చేసిపోయాడు. కిటికీకి పాతగుడ్డలు కుక్కి పేడతో మెత్తించాడు. తలుపు సందుల్లో చింకిచీరలు దూర్పించాడు. దెయ్యం దూరడానికి చీమంత కంత కూడా లేదు. మహా తెలివి!

నడిరేయి... కొట్టం గోడ అవతల, వెనకగదిలో మూలుగు.

"తలకాయ పగులుతాంది... గుండెల మీద ఎవరో కూసున్నారు..."

వీరమ్మ గొంతు. ఆ తర్వాత — ఏమీ లేదు.

జ్ఞానమ్మ గోడకి చెవి ఆనించింది. పిలిచింది. బదులు లేదు. బిడ్డ పాలకి ఏడ్చే వేళ దాటిపోయింది, కిక్కురుమనడం లేదు.

ఇంట్లో, గది తలుపు ఇవతల నుంచి మాల్యాద్రి తల్లి నాగరత్నమ్మ గుసగుస వినిపించింది. "వచ్చిందిరా నాయనా... కోడి కూసేదాకా తలుపు తీయొద్దు."

కొట్టంలోని గడ్డపార తీసుకుని బయటికొచ్చి జ్ఞానమ్మ గది కిటికీని పొడిచింది. పేడ పెళ్లలు రాలాయి. వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. లోపలికి తొంగి చూసింది...

చీకట్లో, నేలకి జానెడెత్తున — ఎర్రటి కళ్లు రెండు!

మరుక్షణం తెలిసింది. కళ్లు కావు, రెండు బొగ్గుల కుంపట్లు.

ఇంకేం ఆలోచించలేదు. గడప దాటింది, మాల్యాద్రిని పక్కకి నెట్టింది, గొళ్లెం ఊడదీసింది. బిడ్డని చంకనేసుకుని, తల్లిని జబ్బ పట్టి వాకిట్లోకి ఈడ్చింది. బిడ్డ అరికాళ్లు చరిచింది. ఒకసారి... రెండుసార్లు... మూడోసారికి కేరుమన్నాడు. వీరమ్మ వాంతి చేసుకుని కళ్లు తెరిచింది.

జ్ఞానమ్మ లోపలికి పోయి, ఇనప గరిటె కొక్కెంతో కుంపట్లు రెండూ బయటికి లాగింది. "ఇదిగో మీ దెయ్యం."

"పొగే లేదు గదే! ఏరి ఏరి మంచి తుమ్మబొగ్గు తెప్పిస్తి" అంది నాగరత్నమ్మ.

"పొగొస్తే దగ్గి లేస్తారమ్మా. ఈ బొగ్గుగాలి కనపడదు, వాసనెయ్యదు. గాలాడని గదిలో నిద్రలోనే సంపుతాది. ఆసుపత్రిలో మా దొరసాని చెప్పినాది."

"సాల్లే! కిటికీ పగిలినాక దెయ్యం పారిపోయినాది. ఒరే మాల్యాద్రీ, కిటికీ మళ్లా మూసెయ్. కుంపట్లు లోపల పెట్టు, కోడలికి చలి తగులుతాది."

మాల్యాద్రి వంగాడు కూడా.

ఇంత చూశాక కూడా ఎక్కని బుర్రలకి ఇంకేం చెబుతుంది! జ్ఞానమ్మ ముందుకొచ్చి, కాలుతున్న కుంపట్ల అంచుల మీద రెండు అరచేతులూ ఆనించింది. చర్మం చుర్రుమన్నా తీయలేదు.

"ముట్టుకున్నా. ఇప్పుడు పెట్టుకోండి సూస్తా."

నాగరత్నమ్మ కెవ్వుమంది. "మైల... మైల!" అంటూ రోకలి తెచ్చి, రెండు మట్టి కుంపట్లనీ వాకిట్లోనే పెంకులు పెంకులు చేసింది.

"అటక మీద ఇంకోటుంటే అదీ తీసుకురామ్మా" అంది జ్ఞానమ్మ.