వచ్చిపోయే లైటు

"మెకానిక్ గారూ, బండి చూస్తారా, మైలవరం తీసుకెళ్లిపోమంటారా?"

జాకీ మీద లేపిన కారు కింద పడుకుని ఉన్న మనోజ్ చేతిలోంచి స్పానర్ జారింది. ఏడాదిగా ఆ గొంతు వినకుండా జాగ్రత్తపడ్డాడు. నూజివీడు ఏమంత పెద్ద ఊరు కాదు. అందులో ఒక మనిషికి ఏడాదిపాటు ఎదురుపడకుండా తిరగాలంటే చాలా కష్టపడాలి. మనోజ్ ఆ కష్టమంతా పడ్డాడు.

బయటికొచ్చాడు. మేఘన నిలబడి ఉంది. ఆమె వెనక తెల్ల పికప్. ఆమెని చూసి వెలిగిన మనోజ్ మొహం బండిని చూసి వాడిపోయింది.

అది చైతన్య బండి. చైతన్య మేఘనకి అన్న, మనోజ్‌కి హైస్కూల్ నాటి నుంచీ ప్రాణస్నేహితుడు. పోయినేడు మే నెలలో హనుమాన్ జంక్షన్ రోడ్డు మలుపులో, వానలో, గేదె అడ్డొస్తే తప్పించబోయి చెట్టుకి గుద్దాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. నుజ్జయిన కుడివైపుని విజయవాడలో బాగుచేయించారు. మామిడితోట చూసుకునే మగదిక్కు లేక ఇప్పుడు చెల్లెలే ఆ బండి తోలుతోంది.

"ఏమైంది?" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"బ్రేకుల ఏబీఎస్ లైటండి. కాసేపు వెలుగుతుంది, చెప్పాపెట్టకుండా పోతుంది. మీలాగే."

అంతకు ముందు ఈ 'మీరు'లూ 'అండీ'లూ లేవు. "ఏం మనోజూ, గ్రీజు కడుక్కుని రావచ్చుగా" అనేది. ఇద్దరి సంగతీ చైతన్యకి తెలుసు. సీజన్ అయ్యాక అమ్మతో మాట్లాడతానన్నాడు. మామిడికాయ దిగే ఆ రెండు నెలలూ ఈ చుట్టుపక్కల అన్నీ సీజన్ అయ్యాకే. పెళ్లి మాటలూ అంతే, పంటినొప్పులూ అంతే. ఆ సీజన్ అయ్యేసరికి మాట్లాడాల్సిన మనిషే లేడు.

"ఖాళీ బండికా, లోడు మీదా?"

"లోడు మీదే. ట్రేలు దింపగానే బుద్ధిమంతుడిలా ఆరిపోతుంది. విజయవాడలో మూడుసార్లు చూపించాను. అక్కడికి ఖాళీగానే వెళ్తాం కదా, వాళ్లకేం కనపడలేదు." తాళాలు అతని చేతిలో పెట్టింది. "లైటు కోసం కాదండి నేనొచ్చింది. మా అన్న ఒళ్లు తెలీకుండా తోలాడని ఊళ్లో అంటున్నారు. అమ్మ ఆ మాట దిగమింగలేకపోతోంది. ఈ లైటు అప్పుడూ ఉందా? బండిలోనే లోపం ఉందా? అది తెలియాలి నాకు."

ఆ జవాబులో సగం ఏడాదిగా మనోజ్ దగ్గరే ఉంది.

లోపం ఎక్కడుందో చెప్పే స్కానర్ తగిలించాడు. ఎడమ ముందు చక్రం సెన్సర్ అని చూపించింది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కనిపెట్టే చిన్న ముక్క అది. బయటికి అంతా శుభ్రంగానే ఉంది. "లోడెత్తుకుని తిరిగితే గానీ దొరకదు," అన్నాడు.

తోటకి వెళ్లి చిన్నరసం మామిడికాయల ట్రేలు నింపుకున్నారు. మేఘన తోలుతోంది. పక్క సీట్లో స్కానర్ ఒళ్లో పెట్టుకుని మనోజ్. పడమట మబ్బు కమ్ముతోంది. కిటికీ గాలికి ఆమె జుట్టు మొహం మీద పడుతుంటే చెయ్యి చాచి వెనక్కి తొయ్యాలనిపించింది. ఒకప్పుడైతే తోసేవాడే.

తోట దాటి తారు రోడ్డెక్కుతూ స్టీరింగు పూర్తిగా ఎడమకి తిప్పింది. డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది.

"చూశారా," అంది.

"చూశాను. పోయినేడే చూశాను."

మేఘన బండి పక్కకి ఆపింది.

"చైతన్య పోవడానికి పదిరోజుల ముందు ఈ లైటు నాకు చూపించాడు. బ్రేకులు పడుతున్నాయి కదరా, సీజన్ అయ్యాక చూద్దాం అన్నాను. అప్పుడు షెడ్డులో ఏడు బండ్లున్నాయి. వాడూ సరే అని వెళ్లిపోయాడు." మనోజ్ స్కానర్ పక్కన పెట్టాడు. "మీ అమ్మగారి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను? అందుకే రాలేదు."

అద్దం మీద నాలుగు చినుకులు పడ్డాయి.

"దిగి చూడు," అంది మేఘన. "ఇప్పుడే చూడు. ఈసారి సీజన్ అయ్యేదాకా ఆగకు."

జాకీ వేసి, చక్రం విప్పి, మడ్‌గార్డు లోపలికి తల దూర్చాడు. టార్చి వెలుగులో సెన్సర్ వైరు కనపడింది. దాని చుట్టూ ఎవరో సన్నటి ఇనుప తీగ బిగించి మెలిపెట్టారు. లోడుకి బండి కుంగి, చక్రం ఎడమకి తిరిగినప్పుడల్లా ఆ తీగ ఒరుసుకుని వైరు తోలు తెగింది. లోపల రాగి మెరుస్తోంది. తీగకి నల్లగా ఎండిన నిమ్మకాయ ఒకటి, రెండు మిరపకాయ తొడిమలు వేలాడుతున్నాయి.

నిమ్మకాయలంటే చైతన్యకి నవ్వు. ఎవరు కట్టినా కోసి పారేసేవాడు. అతని కంట పడకుండా ఇంత లోపల కట్టేంత ప్రేమ ఎవరికుందో మనోజ్‌కి వెంటనే తెలిసింది. తప్పు తన ఒక్కడిదే కాదని ఒక్క క్షణం అతని గుండె తేలికైంది. తేలికైనందుకు సిగ్గుపడ్డాడు. తీగ తెంపి, నిమ్మకాయని జేబులో వేసుకుని లేచాడు.

"ఎలుక కొరికింది."

"ఎలుకా?"

"ఎలుకే. తోటల్లో మామూలేగా."

మేఘన చెయ్యి చాచింది. "జేబులోది ఇటివ్వు."

ఇవ్వలేదు. ఆమే తీసుకుంది. అరచేతిలో పెట్టుకుని చూసింది.

"నేనే కట్టాను మనోజ్. దిష్టి తగలకూడదని. ఆ వైరుని ఏదో గొట్టం అనుకున్నాను." మాట పూర్తికాకుండానే రోడ్డు పక్కన కూలబడి ఏడ్చింది. మనోజ్ పక్కన కూర్చున్నాడు. చినుకులు వానయ్యాయి. ఇద్దరూ లేవలేదు.

"లైటు వెలిగినా బ్రేకులు పడతాయి మేఘనా. తడి రోడ్డు మీద చక్రాలు బిగుసుకుని జారకుండా చూసేది మాత్రం పనిచెయ్యదు. ఆ రోజు అది వెలిగిందో లేదో ఎవరికీ తెలీదు. ఈ మెషీన్‌కీ తెలీదు."

"తెలీకుండానే కదా నువ్వు ఏడాది మోశావు."

"నువ్వు మోయలేవనే ఎలుకన్నాను."

"అన్న పోయాక మా గడప తొక్కడం నీకు ఇష్టం లేదనుకున్నాను. రోజూ అదే అనుకుని ఏడ్చేదాన్ని."

"ఇష్టం లేనివాడు అంత కష్టపడి తప్పించుకు తిరుగుతాడా?"

ఆమె ఏడుపు మధ్యలో చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి మనోజ్‌కి ఏడుపొచ్చింది.

వాన తగ్గాక వైరు అతికించి, టేపు చుట్టి, ఏమీ తగలకుండా క్లిప్పు పెట్టాడు. లోడుతోనే జంక్షన్ రోడ్డెక్కారు. ఆ మలుపులో చెట్టు బెరడు ఇంకా చెక్కుకుపోయే ఉంది. లైటు వెలగలేదు. మేఘన వేగం తగ్గించి, కళ్లు తుడుచుకుని, ముందుకి పోనిచ్చింది.

ట్రేలు దింపి ఇంటికి వచ్చి, అన్నీ మేఘన అమ్మ గోవిందమ్మకి చెప్పారు. లైటు సంగతి అతను, తీగ సంగతి ఆమె. ఆవిడ కొడుకు ఫోటో వైపు చూస్తూ కూర్చుంది.

"ఒళ్లు తెలీక తోలలేదన్నమాట," అంది.

"అదీ గట్టిగా చెప్పలేనండి," అన్నాడు మనోజ్. ఎలుక అబద్ధం ఒక్కటి చాలనిపించింది అతనికి.

గోవిందమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "నిజం చెప్పావు, అంతే చాలు. నా కొడుకుతో పాటు నువ్వూ పోయావనుకున్నాను నాయనా. సీజన్ అయ్యాక ఒక మాట చెప్పాలమ్మా అనేవాడు వాడు. ఆ మాటేంటో నాకు అప్పుడే తెలుసు. ఎల్లుండి మీ అమ్మని తీసుకురా. సీజన్ అయ్యేదాకా ఆగొద్దు."

లేచి వంటింట్లోంచి ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు, నూలుదారం తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. మేఘన అవి తిరిగి ఇవ్వబోయింది. "నేను కట్టనమ్మా."

మనోజ్ ఆమె చెయ్యి పట్టుకుని బండి ముందుకి తీసుకెళ్లాడు. బంపర్ మీద, ఏ వైరూ లేని చోటు చూపించాడు. ఆమె దారం పట్టుకుంది, అతను ముడి వేశాడు.

"ఇక్కడైతే అన్నకి కనపడేది," అంది మేఘన. "కోసి పారేసేవాడు."

ఇద్దరూ అక్కడే కాసేపు నిలబడ్డారు. ఎవరూ వచ్చి కొయ్యలేదు.