ముప్పై రోజుల చీటీలు

"జీతం గీతం అని మేనేజరుతో కొట్లాడినావంటే రిలీవింగ్ లెటర్ ఇయ్యడు. అది లేకుంటే తిరుపతిలో కొత్త ఉద్యోగమూ పోతాది. ఉన్నదీ పాయె, వచ్చేదీ పాయె అని ఇంట్లో కూర్చుంటావే లోహితా!"

పొయ్యి మీద పాలు పొంగకముందే తల్లి పంకజాక్షి భయం పొంగిపోయింది.

"నోటీసిచ్చి ముప్పై రోజులు పని చేసినాను మా. చేసిన పనికి జీతం అడిగేదానికి భయమెందుకు?"

చిత్తూరు అవతల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లోహిత ల్యాబ్ చూస్తుంది. రాజీనామా ఇచ్చిన రోజే మేనేజర్ ధనశేఖర్ హాజరు పుస్తకంలో ఆమె పేరు కొట్టేశాడు. నోటీసులో ఉన్నవాళ్ళకు అక్కడ జీతం ఇవ్వరట. సీజను మధ్యలో కాబట్టి పని మాత్రం ఒక్క పూట కూడా ఆపనివ్వలేదు. ఈరోజే ఆఖరి రోజు.

ఏం జరుగుతుందోనని పంకజాక్షి కూడా కూతురి వెంట బస్సెక్కింది.

గేటు పక్కనే లారీలు తూచే కాటా. అక్కడ పనిచేసే అమర్‌నాథ్ లోహితను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఏం మేడమ్, ఈరోజు బాడీగార్డుతో వచ్చినారే?"

"నీతో నాకు మాటల్లేవు."

"ఏం చేసినాడే?" పంకజాక్షి గుసగుసగా అడిగింది.

"నేను సంతకం పెట్టిన లారీ చీటీలన్నీ ఈయన దగ్గరే ఉండాయి మా. పోయిన వారం అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఈయనా మేనేజర్ పక్కే!"

విసవిసా నడిచిపోతున్న లోహిత జడ మలుపు తిరిగేదాకా అతని చూపు దాని వెంటే పోయింది. అది చూసిన పంకజాక్షికి ఇంకో భయం పట్టుకుంది.

"రిజిస్టర్లో నీ సంతకమే లేదు కదమ్మా. పనికి వచ్చినట్టు రుజువేది?" అన్నాడు తన గదిలో కూర్చున్న ధనశేఖర్.

"పేరు కొట్టేసింది మీరే కదా సార్. జీతం ఇచ్చేదాకా ఈడే కూర్చుంటా."

పంకజాక్షి లోహిత చున్నీ పట్టి లాగింది. చున్నీ వచ్చింది గానీ కూతురు కదల్లేదు.

బయట వాన దంచుతోంది. చొక్కా కింద ఫైలు దాచుకుని అమర్‌నాథ్ తడిసి ముద్దై లోపలికి వచ్చాడు.

"ఈ నెల పోయిన లారీల చీటీలు సార్. గుజ్జు బాగుండాదని ల్యాబ్ సంతకం ఉంటేనే నేను లారీ వదిలేది. ముప్పై రోజులూ ఈమె సంతకమే. ఈమె పనిలో లేదంటే, పరీక్ష చేయని సరుకు పంపినామని కొన్నోళ్ళకు చెప్పాల."

ధనశేఖర్ చీటీలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. చివరికి గుమాస్తాను పిలిచి, "ఈమెకు నెల జీతం, లెటరు, రెండూ ఇప్పుడే ఇయ్యి" అన్నాడు.

ముగ్గురూ వరండాలోకి వచ్చారు.

"అడిగినప్పుడే ఇచ్చింటే ఏం?" లోహిత గొంతులో కోపం సగమే మిగిలింది.

"ముందే బయటపెడితే ఫైలు మాయమై ఉండేది. ముప్పై పూర్తి కానీలే అని నీ తిట్లన్నీ ఓర్చుకున్నా."

"నీ ఉద్యోగం తీసేస్తే ఎట్ల నాయనా?" పంకజాక్షి బెంగగా అడిగింది.

"నేనూ నోటీసిచ్చేస్తా అత్తా. నా జీతం కోసం లోహిత కొట్లాడుతుంది!"

అత్తా! అమర్‌నాథ్ నాలుక కరుచుకున్నాడు. ఒక్క క్షణం ఆగి తలెత్తాడు. "మనసులో ఉండేదే వచ్చేసింది. మీరు సరేనంటే ఆ వరస నిజం చేసుకుంటా."

"నన్నడగవా?" లోహిత మొహం ఎర్రబడింది.

"మాటల్లేవంటివి కదా!"

"ఇప్పుడుండాయిలే. నాకు సరే."

ఇద్దరూ పంకజాక్షి వైపు చూశారు. ఆమె మాట్లాడలేదు. రెండు లారీలు కాటా ఎక్కి దిగాయి. వాన సన్నబడింది. గేటు ముందు చిత్తూరు బస్సు ఆగి, వెళ్ళిపోయింది. నిమిషానికొక భయం చెప్పే అమ్మ అలా నోరు మూసుకుంటే లోహితకు మొట్టమొదటిసారి భయమేసింది.

చివరికి పంకజాక్షి తన కొంగు చివర అమర్‌నాథ్ చేతికిచ్చింది.

"తల తుడుచుకో, జలుబు చేస్తాది. ఆదివారం మీ అమ్మానాయనను పిలుచుకోని రా. బైకులో వద్దు, రోడ్డంతా గుంతలు. బస్సులో రండి."