ఇరవై రెండు చిన్న మూటలు

సంయుక్తకు ఒళ్ళు మండిపోతోంది. మధ్యాహ్నం మూడయింది. ఏడో అంతస్తులో ఉండే స్నేహితురాలు అఖిల ఐదింటికి సంయుక్త వాళ్ళ క్రిస్మస్ ట్రీ చూడ్డానికి వస్తానంది. ట్రీ మాత్రం హాల్లో బోడిగా నిలబడి ఉంది. నానమ్మ లోపల హాయిగా నిద్రపోతోంది.

"అమ్మా, నేనే అన్నీ తగిలించేస్తా."

అమ్మ రోహిణికి శనివారం కూడా ఆఫీసు కాల్ ఉంది. మైకు మ్యూట్ చేసి, "నానమ్మ లేవనీ" అంది. మళ్ళీ ల్యాప్‌టాప్ వైపు తిరిగిపోయింది.

నానమ్మ లేచాక ఏమవుతుందో సంయుక్తకు బాగా తెలుసు. ఆ ఇంట్లో ట్రీకి బొమ్మలు తగిలించడమంటే పెద్ద తతంగం. ట్రంకు పెట్టెలో ఇరవై రెండు చిన్న మూటలుంటాయి. ఒక్కో మూటలో ఒక బొమ్మో, గాజు బంతో ఉంటుంది. పైన చుట్టినది ఎవరిదో పాత బట్టముక్క. నానమ్మ ఆ బట్టను వేళ్ళతో తడిమి, "ఇది మీ తాత లుంగీ. అంటే లోపల ఎక్స్‌రే నక్షత్రం ఉంది" అంటుంది. ఇక కథ మొదలు. కథ అయ్యేదాకా మూట విప్పకూడదు. పోయినేడు అన్నీ తగిలించేసరికి చీకటి పడింది.

పోనీ కొత్త కథలా అంటే అదీ కాదు. ఏటా అవే.

"ఈ ఇంట్లో ఏదీ తెమలదు" అని గొణుక్కుంటూ సంయుక్త నేల మీద కూర్చుంది. ఇరవై రెండు మూటలూ టకటకా విప్పేసింది. బొమ్మల్ని పళ్ళెంలో పేర్చింది.

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే, బ్లాకు శుభ్రం చేసే పోచమ్మ నిలబడి ఉంది.

"బిడ్డా, జర పాత గుడ్డలుంటే ఇయ్యరాదు? లిఫ్టు అద్దం తుడవాలె."

సంయుక్త బట్టముక్కల కుప్పంతా ఎత్తి ఆమె చేతిలో పెట్టేసింది. ఇల్లు కూడా శుభ్రమైందని సంబరపడింది.

కాసేపటికి నానమ్మ లేచి వచ్చింది. రెండేళ్ళుగా ఆవిడ చూపు బాగా మసకబారింది. కుర్చీ తడుముకుని కూర్చుని చెయ్యి చాపింది.

"ఏదమ్మా, మొదటి మూట ఇలా ఇవ్వు."

"అన్నీ విప్పేశా నానమ్మా. టైమ్ కలిసొస్తుందని." సంయుక్త ఒక గాజు బంతి ఆవిడ చేతిలో పెట్టింది.

నానమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇది మీ నాన్న పుట్టినప్పుడు కొన్నదా? దాని బట్టేదీ? మెత్తగా, నూగునూగుగా ఉంటే మీ నాన్నదే."

"బట్టలు పోచమ్మ ఆంటీకి ఇచ్చేశా. తుడవడానికి."

నానమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "సరే, తగిలించేయ్. తొందరగా అయిపోతుంది" అని మాత్రం అంది.

నిజంగానే పది నిమిషాల్లో అయిపోయింది. సంయుక్త కోరుకున్నదీ అదే. కానీ నానమ్మ ట్రీ దగ్గరకు రాలేదు. బాల్కనీలోకి వెళ్ళి, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. బంతులన్నీ ఆవిడ చేతికి ఒకేలా తగులుతాయి. ఏది ఎవరిదో ఆ బట్టలే చెప్పేవి. ఈ సంగతి సంయుక్తకు ఇప్పుడు తట్టింది. తన మీద తనకే చిరాకు పుట్టింది.

పరుగున కిందికి వెళ్ళింది.

"అవి నానమ్మవి ఆంటీ. మళ్ళీ ఇచ్చేయవా?"

"ముందుగాల చెప్పొద్దా? నువ్వే ఇస్తివి గద బిడ్డా." పోచమ్మకూ విసుగే. "కొన్ని మస్తు మురికైనయ్. చెత్తబండిల ఏసిన. ఉన్నయి తీస్కపో."

బకెట్లోంచి పిండి ఇచ్చినవి ఎనిమిదే. సంయుక్త వాటిని తెచ్చి నానమ్మకు ఇచ్చింది. ఆవిడ ఒకటి తడిమి పక్కన పెట్టేసింది. "ఏం తెలుస్తుందే? అంతా తడి, ఫినాయిల్ వాసన."

సంయుక్తకు ఏడుపొచ్చింది. హాల్లోకి వెళ్ళి, తగిలించిన బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా తీసేసింది. పళ్ళెం తెచ్చి నానమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఒక నక్షత్రాన్ని ఆవిడ అరచేతిలో పెట్టింది.

"ఇది ఎక్స్‌రే నక్షత్రం నానమ్మా. నువ్వు ఆసుపత్రిలో నర్సువి. ఆ ఏడు పండక్కి నీకు సెలవివ్వలేదు. తాత పాత ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించి ఇది చేశాడు. వానలో సైకిలు తొక్కుకుంటూ వార్డుకి తెచ్చాడు."

"డిసెంబర్లో వానేమిటే? మంచు."

"సరే, మంచులో. ఇదెవరి ఎముకయ్యా అని డాక్టరు గారు అడిగారు."

"పక్కటెముక" అని నానమ్మ నవ్వింది.

సంయుక్త లేచి వెళ్ళి నక్షత్రాన్ని కొమ్మకు తగిలించింది. ఈసారి మట్టి గొర్రె తెచ్చింది. "దీనికి మూడే కాళ్ళు. నాన్న చిన్నప్పుడు నాలుగో కాలు మింగేశాడనుకుని నువ్వు రెండ్రోజులు ఏడ్చావు."

"ఒక్క రోజే. రెండో రోజు మంచం కింద దొరికింది."

ఆ కథలన్నీ తనకు వచ్చని సంయుక్తకు అప్పటిదాకా తెలియదు. విసుక్కుంటూ విన్నవే, వాటంతటవే నోటికొస్తున్నాయి. మధ్యమధ్యలో నానమ్మ అడ్డొచ్చి తప్పులు దిద్దుతోంది. ఐదింటికి అఖిల వచ్చేసరికి ట్రీ మీద ఆరు బొమ్మలే ఉన్నాయి. అఖిల కూడా వాళ్ళ పక్కన కూలబడింది.

చివరికి ఒక ఎర్ర బంతి మిగిలింది. సంయుక్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నాకు తెలీదు నానమ్మా. ఏటా దీని వంతు వచ్చేసరికి నేను లేచి వెళ్ళిపోయేదాన్ని."

"మిగతావన్నీ చెప్పేశావుగా. అయితే ఇది మా చెల్లెలిదే." నానమ్మ బంతిని రెండు చేతులతో పట్టుకుంది. "పెద్ద కథే. పోనీలే, నీ స్నేహితురాలు ఎదురుచూస్తోంది."

"ముందు లైట్లు వేద్దాం సంయుక్తా" అంటూ అఖిల అప్పటికే స్విచ్ దగ్గరకు వెళ్ళింది.

"ఆగు అఖిలా. ఇంకొకటుంది."

సంయుక్త నానమ్మ కుర్చీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ఆవిడ పేరేంటి నానమ్మా?"