కత్తిరించని రికార్డింగ్

“వీళ్ళందరూ ఒక్కరే కదండీ?” అన్నాడు వెబ్‌సైట్ అబ్బాయి, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే.

సోఫాకి గుడ్డ బిగిస్తున్న అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. షాపు వాళ్ళ నాన్నది. సోఫాలు బాగుచేయడంలో ఆమె పనికి వంక పెట్టేవాళ్ళు లేరు. కానీ వెబ్‌సైట్‌లో పెట్టాల్సిన కస్టమర్ల అభిప్రాయాలు మాత్రం తనే కూర్చుని రాసేసింది.

“ఎలా తెలిసింది?”

“అందరూ ‘అద్భుతమైన సేవ’ అంటున్నారు. సోఫా ఊసు ఒక్కరూ ఎత్తలేదు. అసలు కస్టమర్ల నంబర్లివ్వండి, నేనే వెళ్ళి అడుగుతాను.”

ఆమెకు ఒళ్ళు మండింది. అయినా నంబర్లిచ్చింది.

వారం తిరక్కుండా అతను తెచ్చిన మాటలు చూసి నోరు వెళ్ళబెట్టింది. వీధి చివరి టీచరమ్మ అయితే ఏకంగా, “చెప్పిన రోజుకి ఇవ్వలేదు, తిట్టాను కూడా. కానీ పోయిన మా ఆయన కూర్చునేవైపు పడ్డ గుంటను అలాగే ఉంచమంటే, ఎందుకని అడక్కుండా ఉంచింది” అందట.

“ఆ తిట్టడం తీసేయండి.”

“తీస్తే మిగతాది కూడా ఎవరూ నమ్మరు.”

“మీకేం, పోయేది మా షాపు పరువు. అసలు ఆవిడ అలా అన్నదని నమ్మకమేంటి?”

అతను టీచరమ్మ మాటల్ని రికార్డు చేసిన ఆడియో మొత్తం ఆమె ఫోన్‌కి పంపేశాడు. పని అయిపోయింది, రేపట్నుంచి రానని చెప్పి బ్యాగు తగిలించుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

మనిషి మొండివాడే కానీ, ఒకరి మాటను ఇంత భద్రంగా మోసుకొచ్చేవాణ్ణి ఆమె ఎక్కడా చూడలేదు. అలాంటివాడి దృష్టిలో తను అబద్ధాలు రాసే పిల్లగా మిగిలిపోతోంది. అదే ఆమె బాధ.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింది. తిట్టానన్న మాట వచ్చింది, గుంట మాట వచ్చింది. తర్వాత టీ కప్పుల చప్పుడు. ఆపేయబోతుంటే టీచరమ్మ గొంతు మళ్ళీ వినిపించింది.

“ఇంతకీ ఆ పిల్ల నీకెలా అనిపించింది బాబూ?”

“దొంగ అభిప్రాయాలు రాసిందండీ. అవి కూడా సరిగ్గా రాయడం రాదు. అన్నిట్లోనూ వాళ్ళ నాన్ననే పొగిడింది. కుట్టేదంతా తనే, తన గురించి ఒక్క ముక్క రాసుకోలేదు. అది చదివినప్పట్నుంచి నాకింకేం తోచట్లేదు. ఈ పని ఎక్కడ అయిపోతుందోనని భయంగా ఉందండీ.”

ఆమె వెంటనే ఫోన్ చేసింది.

“విన్నాను.”

“ఏది?”

“టీ కప్పుల తర్వాతది.”



“అయ్యో. కత్తిరించి పంపాల్సింది.”

“కత్తిరించనందుకే నమ్మాను. నాక్కూడా మీరంటే చాలా ఇష్టం. ఎంత దూరం వెళ్ళారు?”

గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న నాన్న కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

“వాన ఎప్పుడో వెలిసిందమ్మా. ఆ అబ్బాయి ఇంకా ఎదురు అరుగు మీదే నిలబడున్నాడు. లోపలికి పిలువు.”