తల్లి బోర్డు

"అన్నా, సీల్ తియ్యని మదర్ బోర్డు ఉన్నదా? సీల్ తీసి మళ్ళ అతికిచ్చింది గాదు. అసలు తియ్యనే తియ్యనిది."

శుక్రవారం పొద్దున పదిన్నరకు హనుమకొండ చౌరస్తా దగ్గరి మా కంప్యూటర్ షాపులో మొదటి బేరం ఇలా మొదలైంది. నేను తలెత్తి చూశాను. చూడకపోతే బాగుండేదని ఆ తర్వాత పది రోజుల్లో చాలాసార్లు అనుకున్నాను కానీ, ఒక్కసారి కూడా మనస్ఫూర్తిగా అనుకోలేదు.

భుజానికి గుడ్డసంచి, చేతిలో మడతపెట్టిన కాగితం, చెవి వెనక పెన్సిల్. పోట్లాటకు సిద్ధమై వచ్చినట్టుంది. అందంగానూ ఉంది. రెండూ ఒకే ముఖంలో ఎలా ఇముడుతాయో నాకు తెలియదు, ఆమెకు మాత్రం ఇమిడాయి.

"మా దగ్గర అన్ని సీల్ తియ్యనియే మేడం," అన్నాను.

"అందరు గట్లనే అంటరు. పోయినేడు ఒకాయన పాత బోర్డు తుడిచి కొత్తదని ఇచ్చిండు. ఆర్నెల్లకే సచ్చింది. నా డిజైన్లు నలభై దాంతోనే పోయినయ్. అప్పటి సంది నాకు కంప్యూటర్ షాపోళ్ళంటే నమ్మకం లేదు. నీ ఒక్కని మీద గాదు, మొత్తం జాతి మీద."

మొత్తం జాతి తరఫున నేను తల వంచుకున్నాను.

"పేరు చెప్తరా? బిల్లు మీదికి."

"సుభాషిణి."

నవ్వు ఆపుకోవాలని నిజంగానే ప్రయత్నించాను.

"ఎందుకు నవ్వుతానవ్?"

"ఏం లేదు. పేరు మంచిగుంది."

"తెలుసు. పేరు జూసి మోసపోయినోళ్ళు శానమంది ఉన్నరు."

కొత్తవాడలో వాళ్ళది నేల మీద పరిచే దర్రీలు నేసే ఇల్లు. నాన్న, చిన్నాన్నలు మగ్గాల మీద ఉంటారు. డిజైన్లు గీసేది ఈమె. వచ్చే శుక్రవారంలోగా ఒక పెద్ద కంపెనీకి పన్నెండు కొత్త డిజైన్లు పంపాలి. నచ్చితే ఆర్నెల్ల పాటు నాలుగు మగ్గాలకు పని. అందుకే ఈసారి కంప్యూటర్ ప్రతి భాగం తానే ఏరుకుని కట్టించుకుందామని వచ్చింది.

గల్లా దగ్గర కూర్చున్న మా నాన్న సదానందం చెవులు అప్పటికే నిక్కబొడుచుకున్నాయి.

"భానూ, పై అరలున్నది చూపియ్యిరా. రంగురంగుల లైట్లది."

చూపించాను. షాపులో దానికంటే ఖరీదైన బోర్డు లేదు. సుభాషిణి దాన్ని అటూ ఇటూ తిప్పి, నాన్నను వదిలేసి నన్నే చూసింది.

"నువ్వు చెప్పన్నా. గిది నాకు కావాల్నా?"

వెనక నుంచి నాన్న చూపు నా వీపుకు తగులుతోంది. ఎదుట ఈ కళ్ళు. ఏ మగవాడికైనా ఇంతకంటే పెద్ద పరీక్ష ఉంటుందా?

"అక్కర లేదు," అన్నాను. "ఈ లైట్లు గేములాడేటోళ్ళకు. మీకు కావాల్సింది ర్యామ్ పెట్టెతందుకు నాలుగు స్లాట్లు. ఇప్పుడు రెండు నింపుదాం. రేపు డిజైన్లు పెద్దగయితే ఇంక రెండు. గీ మధ్యరకం బోర్డు చాలు."

నాన్నకు దగ్గు వచ్చింది. జలుబు లేని దగ్గు.

సుభాషిణి మడత కాగితం విప్పి కౌంటర్ మీద పెట్టింది. నేను చెప్పిన బోర్డు పేరే పెన్సిల్‌తో రాసి ఉంది.

"నువ్వేం జెప్తవో చూద్దామని అడిగిన," అంది. మొదటిసారి నవ్వింది. "ఒకటే షరతు. సీల్ మా ఇంట్ల నా కండ్ల ముందట తియ్యాలె. ఫిట్టింగ్ కూడ ఆడనే. నాకు అబద్ధం చెప్పేటోళ్ళు పడరు."

"నేను చెప్పను మేడం."

"మేడం ఏంది? సుభాషిణి అను."

"అయితే మీరు అన్నా అనుడు ఆపుతరా?"

"చూద్దాం," అని వెళ్ళిపోయింది. ఆ రోజంతా నేను చాలా హుషారుగా పనిచేశానని నాన్న సాయంత్రం అనుమానంగా చెప్పాడు.

మర్నాడు సామానంతా ఆటోలో వేసుకుని కొత్తవాడ వెళ్ళాను. ముందు గదిలో మగ్గాల చప్పుడు, లోపలి గదిలో బల్ల. బల్ల పక్కన పీట వేసుకుని సుభాషిణి నాయనమ్మ మొగిలమ్మ. నన్ను తలుపు నుంచి బల్లదాకా కళ్ళతోనే కొలిచింది.

"కొత్త సామాను ఇంట్లకచ్చింది. బొట్టు వెట్టకుంటె ఎట్లనే?" అంది.

"నాయినమ్మా, దసరానాడు ప్రింటర్ మీద కొబ్బరినీళ్ళు పోసినవ్. యాదికున్నదా? దీన్ని ముట్టినవంటే నేను ఊకోను. చెప్తాన చూడు."

ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒదిగి కూర్చుంది. నేను సీల్ తీశాను. సుభాషిణి పోలీసులా దగ్గరుండి చూసింది. బోర్డు బయటికి తీసి బల్ల మీద పెట్టాను.

"గిదేంది బిడ్డా?" మొగిలమ్మ మెల్లగా అడిగింది.

"మదర్ బోర్డు అవ్వా."

"మదరంటే?"

"తల్లి. కడమ సామాన్లన్ని దీన్ని పట్టుకునే ఉంటయి. ఇది లేకుంటే ఏదీ నడువది."

"ఓ నా తల్లే!" అని రెండు చేతులూ జోడించింది. నేను గొప్పగా చెప్పానని మురిసిపోయాను. కొంతమందికి అన్నీ అర్థమయ్యేలా చెప్పకూడదని అప్పటికి తెలియదు.

అంతలో టపటపా చినుకులు. క్యాబినెట్, మానిటర్ ఇంకా ఆటోలోనే ఉన్నాయి. ఇద్దరం పరుగెత్తాం. క్యాబినెట్‌ను ఆమె ఒక వైపు, నేనొక వైపు పట్టుకుని గల్లీలో అడ్డంగా నడిచాం. వాన ఆమె ముక్కు చివరి నుంచి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నాకు చూడడం మానడానికి మనసు రాలేదు.

"ముందట చూసి నడువన్నా, మోరీల పడ్తవ్!"

"ఇంక అన్ననేనా?"

"ఇప్పుడు చేతులు ఖాళీ లేవు. తర్వాత ఆలోచిస్త."

తిరిగి వచ్చేసరికి మొగిలమ్మ అదే పీట మీద, గోడకేసి చూస్తూ, పుట్టినప్పటి నుంచీ కదలనట్టు కూర్చుని ఉంది. నేను చేతులు తుడుచుకుని బోర్డు మీది నల్లటి చిన్న మూత తీశాను. ప్రాసెసర్ కూర్చునే చోటు దాని కిందే ఉంటుంది. అందులో వెంట్రుకలకంటే సన్నని పిన్నులు పదిహేడు వందలు. వాటిని మేము ఊపిరి బిగబట్టి చూస్తాం గానీ, చేత్తో ముట్టుకోం.

సరిగ్గా వాటి నడుమ రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. వేలు గట్టిగా అదిమి పెట్టిన బొట్టు. దాని కింద పిన్నులన్నీ పడుకున్నాయి.

సుభాషిణి అటు తిరిగి తల తుడుచుకుంటోంది. మొగిలమ్మ నాకేసి రెండు చేతులూ జోడించింది. ఒక వేలి కొస ఎర్రగా ఉంది. ఆ ముసలి కళ్ళల్లో భయం చూశాక నాకు ఇంకేమీ తోచలేదు. మూత టక్కున పెట్టేశాను.

"ఏమైంది?" సుభాషిణి ఇటు తిరిగింది.

"స్క్రూడ్రైవర్ జారింది. పిన్నులు వంగినయ్. తప్పు నాదే."

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆ చూపు కంటే అరుపే నయం.

"మంచిగనే చెప్పినవ్ అనుకున్న," అంది నెమ్మదిగా. "చెప్పుడొచ్చు, చేసుడు రాదన్నట్టు."

ఆ బోర్డు సంచిలో పెట్టుకుని బయటపడ్డాను. గంటన్నర తర్వాత అదే వానలో మళ్ళీ వెళ్ళాను. ఈసారి నా సొంత కంప్యూటర్ ఊడదీసి, అందులోని బోర్డు పట్టుకెళ్ళాను.

"గిది నాది. రెండేండ్లు వాడిన. సీల్ లేదు. మీ పని ఆగొద్దని తెచ్చిన. కొత్తది తెప్పిచ్చి మారుస్త."

"పాత బోర్డులే నాకు రాసిపెట్టి ఉన్నయేమో," అంది.

ఫిట్ చేశాను. కంప్యూటర్ ఒక్క మీటకే లేచింది. నేను ఆమె ముఖం కేసి చూశాను. ఆమె తెర కేసే చూసింది.

"పోయేటప్పుడు తలుపు దగ్గరికెయ్యి," అంది.

మర్నాడు పొద్దున నాన్న ఫోన్ కళ్ళకు దూరంగా పట్టుకుని, షాపులో ఉన్న ఇద్దరు కస్టమర్లకు కూడా వినపడేలా చదివాడు. "'షాపు మంచిది. సలహా మంచిది. ఫిట్ చేసే మనిషికి చెయ్యి నిలకడ లేదు.' రెండు స్టార్లు! ఎవలురా ఈ సుభాషిణి?"

ఆరేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఒక్క పిన్ను వంచలేదు. నాకు బాధేసింది. ఆమె నన్ను చేతకానివాడనుకోవడం ఒక బాధ. అబద్ధం చెప్పనని మాటిచ్చిన మర్నాడే చెప్పడం ఇంకో బాధ. మొదటిది ఎలాగోలా సర్దుకుంటుంది. రెండోది బయటపడితే మాత్రం ఆమె ఇక మా షాపు మెట్లెక్కదు. నిజం చెబితే ముసలమ్మ ఇంట్లో తలెత్తలేదు. ఏం చేయాలో తెలియక పది రోజులు బ్రష్షు పట్టుకుని ఆ బొట్టు తుడుస్తూ కూర్చున్నాను. కుంకుమ పోలేదు. ఆమె కూడా మనసులోంచి పోలేదు.

పదకొండో రోజు ఆమే వచ్చింది.

"డిజైన్లు పంపిన. పన్నెండుల ఏడు పాసయినయ్," అంది. కబురు మంచిదే, గొంతు మాత్రం కరెంటు ఆఫీసు కౌంటర్ గొంతులా పొడిగా ఉంది. "మగ్గాలు మొదలువెట్టినం. నీ బోర్డు మంచిగ పనిచేసింది. థాంక్స్. ఇప్పుడు నా బోర్డు నాకియ్యి. పిన్నులు సరిజేసేటోళ్ళు హైదరాబాదుల ఉన్నరట."

"అది... పారేసిన."

"పారేసుడేందిరా?" నాన్న గల్లా దగ్గర నుంచి లేచాడు. జీవితంలో ఒక్కసారి కూడా అడగకుండా సాయం చేయని మనిషి, ఆరోజు చేశాడు. "రోజు బ్రష్ వట్టుకొని తోముతానవ్ గదా! గిదేనా అమ్మా? నడుమ ఎర్రగ ఏందో ఉన్నది, సూడు."

సుభాషిణి మూత తీసింది. చాలాసేపు చూసింది. రంగులతో పనిచేసే మనిషికి ఆ రంగేదో చెప్పాల్సిన పని లేదు.

"స్క్రూడ్రైవరుకు కుంకుమ ఎప్పటి సంది పెడ్తానవ్?"

నేను కౌంటర్ మీది బ్రష్షు తీసి డ్రాయర్‌లో పడేశాను.

"నాయినమ్మేనా?"

డ్రాయర్ మూశాను. కొన్నిసార్లు అది కూడా జవాబే.

ఆమె స్టూలు మీద కూలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "గంత భయపెట్టిన్నా ఆమెను? ఇంట్ల మనిషి నాకు చెప్పలేక బయటోని చాటుకు వోయిందా?" అంది. అంతలోనే నా మీదికి తిరిగింది. "నువ్వన్న చెప్పద్దా? తర్వాత ఒక్క ఫోన్ చేసి చెప్తే ఏమైతుండె? రెండు స్టార్లు ఇచ్చిన నీకు! ఊకున్నవ్!"

"అవ్వ భయపడ్డది, నాకు దండం పెట్టింది. ఆమె ముందట చెప్పబుద్ధి కాలే. తర్వాత చెప్తే అబద్ధం చెప్పినోణ్ణయిత. నువ్వు మళ్ళ రావని భయమైంది."

"నడువు," అంది లేచి. "ఇంటికి వోదాం. అబద్ధంల నీకు గూడ సగం పాలున్నది."

ఆటోలో కొత్తవాడ దాకా ఆమె బయటికే చూసింది. నేను రోడ్డు మీది గుంతలు లెక్కపెట్టుకున్నాను. ఇదే ఆఖరి ప్రయాణమైతే కనీసం దూరమైనా కొంచెం ఎక్కువుంటే బాగుండునని అనిపించింది.

మొగిలమ్మ కండెలు చుడుతోంది. నన్ను చూడగానే చేతిలోది జారవిడిచింది. సుభాషిణి వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"నాయినమ్మా, నాకు భయపడ్డవా?"

ముసలమ్మ నాకేసి చెయ్యి చూపింది. "తల్లి అన్నడు గదనే ఈ పిలగాడు. తల్లిని బొట్టు లేకుంట ఎట్ల ఉంచుదు? మంచిగ జరగాలెనని వెట్టిన. నీ పని ఆగమైతదని నాకేమెరుక బిడ్డా? పది రోజుల సంది బుక్క దిగుతలేదు."

"చెప్తే ఏమయితుండె?"

"నీకు భయం గాదే. నువ్వు నోరు తెరిస్తె నా నోరు మూతవడ్తది, గంతే."

సుభాషిణి ఏడుస్తూనే నవ్వింది. నాయనమ్మ భుజం మీద ముఖం దాచుకుని, "ఇంకోసారి అరవ. ఒట్టు," అంది. నేను గుమ్మంలో నిలబడి, వెళ్ళిపోవాలో ఉండాలో తెలియక చెప్పులు విప్పి మళ్ళీ తొడుక్కున్నాను.

"ఆగు," అంది మొగిలమ్మ నాతో. కళ్ళు తుడుచుకుని మనవరాలి గడ్డం పట్టి పైకెత్తింది. "ఇగ నువ్వు చెప్పు. ఈ పిలగాడు తప్పు నెత్తినేసుకున్నడు. ఎవల కోసం?"

"నీ కోసం. నువ్వు దండం వెట్టినవట గదా."

"నా కోసమా? ముసలిదాని కోసం ఎవడన్న తన కంప్యూటర్ ఊడవీకి, వానల తడుసుకుంట తెచ్చిస్తడానే? గన్ని డిజైన్లు గీస్తవ్, గిది సమజైతలేదా?"

ముందు గదిలో మగ్గాల చప్పుడు అప్పుడే ఎందుకాగిపోయిందో తెలియదు. సుభాషిణి మెల్లగా నా వైపు తిరిగింది.

"నాయినమ్మ చెప్పింది నిజమేనా? ఈసారి అబద్ధం చెప్తే మాత్రం..."

"నిజమే," అన్నాను. "నువ్వంటే నాకు ఇష్టం. మొదటి రోజు సంది."

ఆమె కింద పడ్డ కండె తీసింది, ఊడిన దారం చుట్టింది, చుట్టిందే మళ్ళీ చుట్టింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. మొగిలమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"మీ నాయిన షాపుకు ఎన్నింటికొస్తడు?" అంది చివరికి, తల ఎత్తకుండానే.

"పదింటికి."

"అయితే రేపు నువ్వు తొమ్మిదింటికి తెరువు."